గుండిగలో మిగిలింది, విస్తరిలో మిగిలింది

వండిన అన్నాన్ని ట్యాంకులో పోసి, పులియబెట్టి, గ్యాసు తీసి పొయ్యి వెలిగిస్తే అన్నానికి మర్యాద చేసినట్టా, అపచారం చేసినట్టా? ఇంజనీర్లు ఈ ప్రశ్న అడగరు. ఎన్ని టన్నులు పోస్తే ఎంత గ్యాసు వస్తుందన్నది వాళ్ళ లెక్క. మునిసిపాలిటీకి చెత్త ఊరు దాటితే చాలు. మనం మాత్రం అడగక తప్పదు. మెతుకు కాలికి తగిలితే వంగి కళ్ళకద్దుకునే జనం మనం. కంచంలో అన్నం వదిలేసి లేచే పిల్లవాణ్ణి మందలించని అమ్మమ్మ కరీంనగర్‌లోనూ ఉండదు, ఆదిలాబాద్‌లోనూ ఉండదు. అదే ఇండ్లల్లో పెండ్లి జరిగిన రాత్రి ఫంక్షన్ హాలు వెనక ట్రాక్టరు నిండా అన్నం పోతుంది. ఇంత భక్తి ఉన్నచోట ఇంత పారబోత ఎట్లా సాధ్యమైంది? బయోగ్యాసు ప్లాంటు ఈ రెంటి మధ్య దూరాన్ని తగ్గిస్తుందా, లేక పారబోసే చేతికి ఓ సాకు అందిస్తుందా? ధర్మశాస్త్రం తెలిసినవాళ్ళూ యంత్రశాస్త్రం తెలిసినవాళ్ళూ కలిసి కూర్చుని తేల్చాల్సిన విషయమిది. ఇంతవరకు ఇద్దరూ ఎవరి గదిలో వాళ్ళే ఉన్నారు.

ముందు మిగులు అంటే ఏమిటో దగ్గరగా చూడాలి. ఓ మోస్తరు పెండ్లి విందు అయిపోయాక తిండి రెండు చోట్ల మిగులుతుంది. వంటవాళ్ళ దగ్గర గుండిగల్లో బగారా అన్నం, తెల్లన్నం, పప్పుచారు, పెరుగు ఉంటాయి. గరిటె తప్ప వాటిని ఏదీ ముట్టుకోలేదు. చేతులు కడుక్కునే చోట పెట్టిన పెద్ద డబ్బాల సంగతి వేరు. సగం కొరికిన ముక్కలు, ఎముకలు, పెరుగులో తడిసిన బగారా, డబుల్ కా మీఠా, నిమ్మచెక్కలు, వాటితోపాటే ప్లాస్టిక్ పూత వేసిన కాగితపు ప్లేట్లు, చెంచాలు, నీళ్ళ సీసాలు. గంట తిరగకముందే గుండిగలోదీ డబ్బాలోదీ ఒకే ట్రాక్టరు ఎక్కుతాయి. ఎక్కిన మరుక్షణం రెంటికీ ఒకటే పేరు, చెత్త. పాత రోజుల్లో ఈ కలగాపులగం లేదు. అప్పటివాళ్ళు మనకంటే పుణ్యాత్ములని చెప్పలేం, వాడిన వస్తువులే వేరు. విస్తరి అడవి నుంచి వచ్చిన మోదుగాకుది, పుల్లలతో కుట్టింది. ఎంగిలీ ఆకూ కలిసి పెంటకుప్ప మీద పడితే ఎండాకాలం చివర ఎరువై బండెక్కి చేనుకు పోయేవి. బియ్యం కడిగిన నీళ్ళు, గంజి, కూరగాయల తొక్కలు కుడితి గోలెంలో పడేవి. బర్రె తాగి పాలిచ్చేది. రాత్రి మిగిలిన అన్నం పొద్దున సద్ది అయ్యేది. ప్రతి మిగులుకూ ఒక చోటు ఉండేది, ఏది ఎక్కడికి పోవాలో ఇంట్లో చిన్నపిల్లకు కూడా తెలిసేది.

నా వాదనంతా ఆ చోట్ల గురించే. గుండిగలో మిగిలింది మనిషిది. విస్తరిలో మిగిలింది పశువుది, మట్టిది, ఇప్పుడు యంత్రానిది కూడా. ఈ వరస పాటిస్తే బయోగ్యాసు ప్లాంటు అన్నానికి చేసే చివరి మర్యాద అవుతుంది. వరస తప్పి గుండిగను నేరుగా యంత్రంలో వంచితే ఎంత గ్యాసు వచ్చినా, ఎన్ని బల్బులు వెలిగినా అది అపచారమే. తైత్తిరీయ ఉపనిషత్తులోని భృగువల్లి ఈ విషయంలో మనకు పెద్ద ఆసరా. అందులో భృగువు తపస్సు చేసి మొదట అన్నమే బ్రహ్మమని తెలుసుకుంటాడు. తర్వాత ప్రాణం, మనస్సు, విజ్ఞానం దాటి ఆనందం దాకా వెళ్తాడు. అక్కడితో కథ అయిపోవాలి. కానీ ఉపనిషత్తు అక్కడ ఆగదు, మళ్ళీ అన్నం దగ్గరికే దిగివచ్చి నియమాలు చెబుతుంది: అన్నాన్ని నిందించకూడదు, తోసిపుచ్చకూడదు, పెంపొందించాలి, గడప తొక్కిన అతిథిని వెనక్కి పంపకూడదు. ఆనందం అంచు చూసినవాడికి కూడా వంటింటి నియమాలు తప్పవన్నమాట. అదే ఉపనిషత్తులో మరోచోట అన్నం ప్రాణులకు ఆహారమవుతుందనీ, ప్రాణులను తానూ తింటుందనీ ఉంది. తినేవాడు కూడా ఒకనాటికి ఎవరికో అన్నమవుతాడన్న ఈ ఎరుక ఉన్నచోట, మిగిలిన మెతుకు సూక్ష్మజీవుల నోట్లో పడటం అధోగతి అనిపించదు.

ఆ సూక్ష్మజీవులు చేసే పని కూడా ఊహించినంత పరాయిది కాదు. గాలి చొరబడని ట్యాంకు ఒక పొట్ట లాంటిది. గీతలో కృష్ణుడు తాను వైశ్వానరాగ్నిగా ప్రాణుల దేహాల్లో ఉండి అన్నం అరిగిస్తానని చెప్పిన మాటకు, ఆ ట్యాంకు ముందు నిలబడితే కొత్త అర్థం తోస్తుంది. ఒక జాతి సూక్ష్మజీవులు పిండిపదార్థాన్ని, మాంసకృత్తులను, కొవ్వును చిన్నచిన్న ముక్కలు చేస్తాయి. మరో జాతి వాటిని ఆమ్లాలుగా మారుస్తుంది. చివరి జాతి ఆ ఆమ్లాల నుంచి మీథేన్ తీస్తుంది. ఈ చివరివి చాలా సుకుమారమైనవి. గాలి తగిలితే బతకవు, పులుపు ఎక్కువైతే పనిచేయవు. ఒక్కసారిగా ఎక్కువ అన్నం పోస్తే తొందరగా పులిసి ట్యాంకు మొత్తం చెడుతుంది. నూనె, ఉప్పు, నిమ్మచెక్కలు మితిమీరినా ఇబ్బందే. ప్లాస్టిక్ పడితే పైపులు మూసుకుపోతాయి. అందుకే అన్నీ కలిపిన ఫంక్షన్ హాలు డబ్బా దానికి పనికిరాదు. వేరుచేసిన తడి చెత్త దొరికినచోట ఫలితం కళ్ళెదుటే ఉంది. హైదరాబాద్ బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్లో భారతీయ రసాయన సాంకేతిక సంస్థ, అంటే మన ఐఐసీటీ, తయారుచేసిన పద్ధతితో కట్టిన ప్లాంటు రోజుకు సుమారు 10 టన్నుల కూరగాయల చెత్త నుంచి 500 యూనిట్ల కరెంటు, 30 కిలోల ఇంధనం తీస్తున్నదని 2021 జనవరిలో ప్రధాని మన్ కీ బాత్‌లో చెప్పాకే చాలామందికి తెలిసింది. ఆ కరెంటుతో మార్కెట్ దీపాలు వెలుగుతున్నాయనీ, ఆ గ్యాసుతో క్యాంటీన్ పొయ్యి మండుతున్నదనీ అప్పుడు ఆయన చెప్పారు. కరీంనగర్‌కు ఇంకా దగ్గరలో, సిద్దిపేట పక్కన బుస్సాపూర్‌లో, ఇండ్ల నుంచి వచ్చే తడి చెత్తతో బయో సీఎన్‌జీ తీసే ప్లాంటు పెట్టారు.

ప్లాంటు లేనిచోట ఏమవుతుందో కరీంనగర్ వాళ్ళకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మానేరు ఒడ్డున ఆటోనగర్ దగ్గరి డంపు యార్డు పొగ ఏండ్ల తరబడి వాళ్ళ ముక్కుకు తగులుతూనే ఉంది. ఆ పొగ వెనక అన్నం కూడా ఉందంటే ఆశ్చర్యపోతారు గాని, నిజం. కుప్ప అడుగున గాలాడని చోట కుళ్ళిన తిండి అదే మీథేన్‌ను వదులుతుంది. ట్యాంకులో పుడితే పొయ్యి వెలిగించే వాయువు, కుప్పలో పుడితే మంటలను రాజేస్తుంది, ఆకాశానికెక్కి భూమిని వేడెక్కిస్తుంది. 20 ఏండ్ల లెక్కన చూస్తే కార్బన్ డయాక్సైడ్ కంటే అది సుమారు 80 రెట్లు ఎక్కువ వేడి పట్టి ఉంచుతుంది. ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2022లో ప్రపంచమంతా కలిసి 105 కోట్ల టన్నుల తిండి పారేసింది. వినియోగదారుల దాకా వచ్చిన తిండిలో ఇది 19 శాతం. అందులో అరవై పాళ్ళు ఇండ్ల నుంచే. మన దేశంలో ఇండ్లలో పారేసేది తలకు ఏడాదికి 55 కిలోలని ఆ నివేదిక అంచనా. అదే ఏడు ఆకలితో ఉన్నవాళ్ళు 78 కోట్ల పైచిలుకని కూడా ఆ నివేదికే చెప్పింది. కరీంనగర్ లెక్క వేరే చెప్పాలి. ఇక్కడి వరి వాన మీద మాత్రమే పండలేదు. 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన శ్రీరాంసాగర్ నుంచి కాకతీయ కాలువ పట్టుకుని వచ్చిన గోదావరి నీళ్ళు, మోటరు ఎత్తిన బోరు నీళ్ళు, కలిపి కిలో బియ్యానికి వేల లీటర్లు తాగిన పంట ఇది. విస్తరిలో వదిలిన ముద్దలో గోదావరి కూడా ఉంది.

ఇప్పుడు ఆక్షేపణల దగ్గరికి వద్దాం. మొదటిది ఆచారవంతులది: ఎంగిలి నుంచి వచ్చిన గ్యాసు మీద దేవుడికి నైవేద్యం వండవచ్చునా? ఈ అడ్డంకిని తేలిగ్గా తోసేయకూడదు. ఎంగిలి విషయంలో మన సంప్రదాయానికి రెండు నాలుకలున్నాయి. ఒక నాలుక ఎంగిలిని అంటు అంటుంది. రెండో నాలుక శేషాన్ని కళ్ళకద్దుకుంటుంది. అథర్వవేదం పదకొండో కాండలో ఉచ్ఛిష్టాన్ని, అంటే మిగిలినదాన్ని, సృష్టికంతటికీ ఆధారంగా స్తుతించే సూక్తమే ఉంది. యజ్ఞంలో మిగిలింది తిన్నవాడు పాపం నుంచి బయటపడతాడనీ, తనకోసమే వండుకున్నవాడు తినేది పాపమనీ గీత మూడో అధ్యాయం తేల్చింది. దశమహావిద్యల్లో మాతంగికి ఎంగిలే నైవేద్యం. శ్రీకాళహస్తిలో తిన్నడు నమిలి రుచి చూసి పెట్టిన మాంసాన్ని శివుడు కాదనలేదు. ఇంత దూరం పోనక్కర్లేదు, మన బతుకమ్మ పండుగ మొదలయ్యేదే పెత్రమాసనాడు ఎంగిలిపూలతో. ఆ తొలి బతుకమ్మకు ఎంగిలి అంటదు. తొమ్మిది రోజులాడి నీళ్ళలో వదిలిన తంగేడు, గునుగు చెరువుకే పోతాయి. శేషం పవిత్రమా అపవిత్రమా అన్నది ఆ పదార్థంలో లేదు, దాని పట్ల మనం నడుచుకునే తీరులో ఉందని ఇవన్నీ ఒకే మాట చెబుతున్నాయి.

అయినా మడివంట దగ్గర సందేహం తీరదంటే ఇంకొంచెం దగ్గరగా ఆలోచించాలి. నైవేద్యం బియ్యం పెంటకుప్ప ఎరువు తిని పెరిగింది. అభిషేకం పాలు కుడితి తాగిన పశువు ఇచ్చింది. వేములవాడ రాజన్నకు కోడె మొక్కు చెల్లించేవాళ్ళు ఆ కోడె నిన్నటిదాకా ఎవరి ఇంటి కుడితి తాగిందో అడగరు. ఈనాడు చాలా గుళ్ళల్లో వాడే వంటగ్యాసు భూమి లోపలి చమురు నుంచి వస్తుంది. ఆ చమురు కోట్ల ఏండ్ల కింద చచ్చి సముద్రం అడుగున పేరుకున్న జీవుల శేషం. దాన్ని ఒప్పుకున్నవాళ్ళు నిన్నటి పప్పన్నం శేషాన్ని కాదనడానికి కారణం చూపలేరు. మీథేన్ అణువులో ఒక కార్బన్, నాలుగు హైడ్రోజన్లు ఉంటాయి. అందులో మెతుకు లేదు, ఉమ్మి లేదు, కులం లేదు. ఇంత చెప్పాక కూడా ఆగమం కట్టెపొయ్యే కావాలంటే ఆ ఒక్క పొయ్యిని వదిలేద్దాం. వేములవాడలో, ధర్మపురిలో, కొండగట్టులో, బాసరలో భక్తులకు అన్నం పెట్టే వంటశాల పొయ్యిలు వేరే ఉంటాయి. అక్కడి అరటితొక్కలు, కూరగాయల తొక్కలు, విస్తరి మెతుకులు అక్కడి పొయ్యికే గ్యాసై తిరిగొస్తే ఏ ఆగమానికీ భంగం లేదు. కొబ్బరిచిప్పలు, పీచు మాత్రం ఆ ట్యాంకులో అరగవు, వాటికి వేరే దారి చూడాలి.

రెండో ఆక్షేపణ దీనికంటే బరువైనది. ఆకలితో ఉన్నవాడు ఊళ్ళో ఉండగా అన్నం యంత్రానికి పోయడమేమిటి, మిగిలిందంతా బీదలకు పంచవచ్చు కదా అంటారు చాలామంది మంచివాళ్ళు. గుండిగలో మిగిలిన దాని విషయంలో ఈ మాట నూటికి నూరు పాళ్ళూ నిజం. అది అతిథికి వండిన అన్నం, అతిథి మారాడంతే. వేడి తగ్గకముందే, మూత తీయని గిన్నెల్లో, వసతిగృహానికో, ఆసుపత్రి బయట కాచుకున్నవాళ్ళకో చేరాలి. ఇట్లా మిగిలిన తిండిని సురక్షితంగా పంచడానికి దేశంలో 2019 నుంచి ప్రత్యేక నిబంధనలే ఉన్నాయి. కానీ విస్తరిలో మిగిలినదాన్ని మనిషికి పెట్టడం దానం అనిపించుకోదు. ఈ నేల మీద ఆ పని తరాల తరబడి జరిగింది. గడీల కాలంలో చాకిరీకి ప్రతిఫలంగా ఎంగిలి మెతుకులు విదిల్చిన చరిత్ర మనది. 1927లో మహద్‌లో అంబేద్కర్ తనవాళ్ళకు చెప్పిన మాటల్లో ముఖ్యమైనది ఇదే: పారేసిన ఎంగిలి ముట్టకండి, చచ్చిన పశువు మాంసం తినడం మానండి. కడుపు నింపే తిండి కూడా మనిషిని కుంగదీయగలదని ఆయనకు తెలుసు. ఈ కోణం నుంచి చూస్తే ఎంగిలిని యంత్రానికి అప్పజెప్పడంలో ఒక విముక్తి ఉంది. ఇక ఏ మనిషీ మరో మనిషి ఎంగిలి తినాల్సిన పని లేదు. మనం యంత్రానికి ఇస్తున్నది బీదవాడి వాటా నుంచి తీసింది కాదని గట్టిగా చెప్పగలగాలంటే మాత్రం గుండిగా డబ్బా కలవకూడదు. అన్నీ ఒకే ట్రాక్టరులో పడితే బీదవాడి వాటా కూడా అందులోనే పడినట్టు.

ఈ కొలతబద్ద పట్టుకుంటే ఉత్తర తెలంగాణలో మరో పెద్ద ప్రశ్న కూడా తేలుతుంది. తిండి గింజల నుంచి తీసే ఇథనాల్ గురించి. 2024 నవంబరులో నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో జనం రోడ్డెక్కి ఇథనాల్ ఫ్యాక్టరీ పనులు ఆపించారు. వాళ్ళ భయం ప్రధానంగా నీళ్ళ గురించి, గాలి గురించి. ఆ భయం న్యాయమైనదే. దానికి అన్నం ప్రశ్న కూడా జోడించాలని నా అభిప్రాయం. 2018 జీవ ఇంధన విధానం పాడైన గింజలతో, మనుషులు తినడానికి పనికిరాని నూకలతో ఇథనాల్ తీయవచ్చన్నది. అది విస్తరిలో మిగిలిన దానితో సమానం, అభ్యంతరం లేదు. 2020లో ఇంకో అడుగు వేసి ఎఫ్‌సీఐ గోదాముల్లోని మిగులు బియ్యాన్ని కూడా అనుమతించారు. ఇది గుండిగ. టన్ను బియ్యం నుంచి సుమారు 450 లీటర్ల ఇథనాల్ వస్తుంది. అదే టన్ను, మన రాష్ట్రంలో రేషను మీద మనిషికి ఇచ్చే 6 కిలోల లెక్కన, 166 మందికి నెల తిండి. గోదాముల్లో బియ్యం ముక్కిపోతుంటే చూస్తూ ఊరుకోవాలా, వరి రైతుకు ఇంకో గిరాకీ దొరికితే తప్పేమిటి అని అడిగేవాళ్ళున్నారు. రైతు గిరాకీ మాట కాదనలేనిదే. కానీ ముక్కిపోయేదాకా ఉంచి, తర్వాత ముక్కిపోతోందని కాల్చడం నిర్వహణ లోపానికి మందు కాదు. బియ్యం మనిషి నోటికి పనికొచ్చినంత కాలం దాని మీద మొదటి హక్కు నోటిదే.

మూడో ఆక్షేపణ నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. ప్లాంటు ఉందని తెలిస్తే జనం ఇంకా ఎక్కువ పారేస్తారేమో. ఇది ఊరికే పుట్టిన అనుమానం కాదు. అమెరికాలో ఒహాయో స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు 2017లో ప్రచురించిన ఒక ప్రయోగంలో భోజనానికి వచ్చినవాళ్ళలో కొందరికి తిండి పారేస్తే జరిగే నష్టం చెప్పారు. వాళ్ళు తక్కువ వదిలేశారు. మిగిలింది కంపోస్టుకు పోతుందని కూడా తెలిసినవాళ్ళ మీద మాత్రం ఆ హితబోధ పనిచేయలేదు. మనసు ఎంత తొందరగా సర్దుకుంటుందో చూడండి. ఇక్కడే ధర్మశాస్త్రం యంత్రశాస్త్రానికి ఒక మాట అప్పివ్వగలదు, ప్రాయశ్చిత్తం అని. తప్పు జరిగాక చేసేది ప్రాయశ్చిత్తం. మళ్ళీ చేయననే సంకల్పం లేనిదే అది చెల్లదు. రేపటి తప్పుకు ఇవాళే ప్రాయశ్చిత్తం చేసుకుని బయలుదేరేవాణ్ణి ఏ పెద్దమనిషీ ఒప్పుకోడు. బయోగ్యాసు ప్లాంటు కూడా ప్రాయశ్చిత్తం లాంటిదే. దాని గొప్ప ఎంత గ్యాసు తీసిందన్న దాన్ని బట్టి కాక, దానికి పోయే అన్నం ఏటేటా ఎంత తగ్గిందన్న దాన్ని బట్టి కొలవాలి. వరుసగా పెరుగుతోందంటే ఊరు గర్వపడాల్సింది ఏమీ లేదు. దుబారా మనిషిని సైతాను తోబుట్టువుల్లో లెక్కగట్టిన ఖురాన్ మాటకు కూడా ఇక్కడ అదే బరువు. కరీంనగర్‌లో వలీమా విందైనా, లగ్గం విందైనా ఫంక్షన్ హాలు వెనక కనిపించేది ఒకటే కుప్ప.

మితాన్ని మతం ఎట్లా నేర్పగలదో చూడాలంటే ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్ పోవాలి. పుష్య అమావాస్యకు జరిగే నాగోబా జాతరలో గోండుల్లోని మెస్రం వంశస్థులు హస్తినమడుగు నుంచి గోదావరి నీళ్ళు నడిచి తెస్తారు. వందల కుటుంబాలు వచ్చినా వంట పొయ్యిలు 22 మాత్రమే. కుటుంబాలు పెరిగాయని పొయ్యిలు పెరగవు. వంతులవారీగా వండుకుంటారు. గోండు గూడేల్లో కొత్త పంటను దేవుళ్ళకు, పెద్దలకు పెట్టనిదే నోట పెట్టరు. తినడానికి ముందు ఆగడం, వండటానికి ముందు వంతు కోసం చూడటం, ఈ రెండూ అక్కడ పూజలో భాగం. మైదానంలో మన విందు ఇందుకు పూర్తిగా ఎదురు నడిచింది. ముప్పై రకాలు వడ్డించకపోతే పరువు పోతుందనుకునే ఇంట్లో మితం గురించి ఉపన్యాసం చెల్లదు. వంటకాల పట్టిక దగ్గరే పారబోత నిర్ణయమైపోతుంది, విస్తరి దాకా రానక్కర్లేదు.

ఇంతకీ మతం దేనికి, చట్టం చాలదా అని హేతువాదులు అడుగుతారు. చట్టం ఉంది. 2016 ఘనవ్యర్థాల నిబంధనలు తడి, పొడి, హానికర చెత్తను పుట్టినచోటే వేరుచేయాలన్నాయి. అనుమతి లేని స్థలంలో వందమందికి మించి గుమిగూడే కార్యం చేస్తే మూడు పనిదినాల ముందు స్థానిక సంస్థకు చెప్పాలనీ, అక్కడి చెత్త వేరుచేయాలనీ ఆ నిబంధనలే చెప్పాయి. ఈ నియమం మీ ఊళ్ళో ఎంతమందికి తెలుసో మీరే అడిగి చూడండి. తొక్క ఏ బుట్టలో పడిందో చూడటానికి వంటింట్లో ఇన్‌స్పెక్టర్ ఉండడు. అక్కడ పనిచేసేది చట్టం భయం కాదు, ఆచారం. గడప దగ్గర చెప్పులు విడవడానికి ఎవరూ జరిమానా వేయలేదు. ఇచ్చోడ మండలం ముఖ్రా కే గ్రామం చూడండి. ఊరి చెత్తను వేరుచేసి వానపాములతో ఎరువు చేశారు, అమ్మారు, వచ్చిన డబ్బుతో ఊరికి సోలార్ పలకలు పెట్టుకున్నారు. పెద్ద యంత్రం లేదు, ఐఐసీటీ లేదు. ఇంటింటా వేరుచేయడమనే అలవాటు పడింది, అంతే. ఎంగిలి ఎత్తే పని ఎప్పుడూ మరొకరిదే అన్న భావం మన సమాజంలో లోతుగా పాతుకుపోయింది. ఆ మరొకరు ఎవరో, ఏ వాడ నుంచి వస్తారో అందరికీ తెలుసు. పారిశుధ్య కార్మికురాలు కుళ్ళిన డబ్బాలో చెయ్యి పెట్టి ప్లాస్టిక్ సీసా ఏరుతున్నంత కాలం, ఆ డబ్బా నుంచి వచ్చిన గ్యాసు ఎంత శుభ్రంగా మండినా అందులో అన్యాయం మిగిలే ఉంటుంది. అన్నానికి అంటు లేదు గాని, మనం వదిలిన ఎంగిలిని మరొకరి చేత ముట్టించి వాళ్ళనే అంటరానివాళ్ళన్న చరిత్రకు అంటు ఉంది. తిన్నవాడు తన విస్తరి తానే తీసి, మెతుకులు ఒక డబ్బాలో, సీసా ఇంకో డబ్బాలో వేస్తే పట్టేది రెండు నిమిషాలు. ఈ రోజున మన నుంచి అన్నం కోరే పూజ అదేనని నేను నమ్ముతున్నాను.

వచ్చే మాఘమాసం ముహూర్తాలకు ఇంట్లో పెండ్లి పెట్టుకున్నవాళ్ళకు నాదొక విన్నపం. క్యాటరింగ్ వాళ్ళతో ధర మాట్లాడే రోజునే రకాలు సగానికి తగ్గించండి. గుండిగల్లో మిగిలే అన్నం ఎక్కడికి పోవాలో, ఎవరు తీసుకుపోవాలో ముందే ఖాయం చేసుకుని, ఆ ఫోన్ నంబరు వంటమేస్త్రీ చేతికివ్వండి. చేతులు కడిగే చోట వేర్వేరు డబ్బాలు పెట్టించి, వాటి దగ్గర మీ ఇంటి మనిషినే నిలబెట్టండి, కూలికి వచ్చినవాళ్ళను కాదు. దేవస్థానాల పాలకవర్గాలు, ఫంక్షన్ హాళ్ళ యజమానులు ఈ ఏడాది తమ ఆవరణలో ఒక చిన్న ట్యాంకు కట్టించి, దానికి రోజూ ఎంత ఎంగిలి వస్తోందో పలక మీద రాసి జనానికి కనబడేలా వేలాడదీయాలి.